పొర మీద పొర: గ్రాఫీన్ ఫిల్మ్‌ల గుణాన్ని నిర్ణయించేది ఏది?

గ్రాఫీన్ గురించి వచ్చే వార్తల్లో రెండు రకాల మాటలు కలిసిపోయి కనిపిస్తాయి. మొదటి రకం మాటలు పదార్థానికి సంబంధించినవి. ఒక్క పరమాణువు మందం ఉన్న ఈ కర్బన రేకు ఉక్కు కన్నా ఎన్నో రెట్లు దృఢమైనదని, విద్యుత్తును అద్భుతంగా మోస్తుందని, హీలియం పరమాణువు కూడా దాని గుండా దూరలేదని చెబుతారు. రెండో రకం మాటలు వస్తువులకు సంబంధించినవి. గ్రాఫీన్‌తో చేసిన నీటి వడపోత పొర, గ్రాఫీన్ ఎలక్ట్రోడు, గాలి చొరబడనివ్వని గ్రాఫీన్ పూత వంటివి ఈ కోవలోకి వస్తాయి. చదివేవారు మొదటి మాటల్లోని గుణాలన్నీ రెండో మాటల్లోని వస్తువులకు ఉన్నాయనుకోవడం సహజం. చాలా సందర్భాల్లో అది నిజం కాదు.

రేకు గుణం వేరు, రేకులను పేర్చి చేసిన ఫిల్మ్ గుణం వేరు. ఫిల్మ్ ఎలా ప్రవర్తిస్తుందన్నది చాలా మేరకు రేకుల మధ్య సందులో ఏముంది, ఆ సందు ఎంత వెడల్పు, తడి తగిలితే అది ఎంత విప్పారుతుంది అన్న వాటిని బట్టి ఉంటుంది. ఆ సందును అనుకున్న తీరులో మలచడానికి ఉన్న మార్గాల్లో పొరలవారీ కూర్పు, అంటే వ్యతిరేక ఆవేశాలున్న పదార్థాలను ఒకదాని తరువాత ఒకటిగా పేర్చడం, ఒకటి. దాని మూలసూత్రం చాలా సులువైనది. చిక్కులన్నీ ఆ తరువాత మొదలవుతాయి.

## ఒకే రేకు, మూడు పదార్థాలు

కర్బన పరమాణువులు ఆరు భుజాల గళ్లుగా అల్లుకుని, ఒకే ఒక పరమాణువు మందంతో పరుచుకున్న రేకును గ్రాఫీన్ అంటారు. ఇలాంటి రేకులు 0.335 నానోమీటర్ల ఎడంతో ఒకదాని మీద ఒకటి పేరుకుంటే ఏర్పడే స్ఫటికమే గ్రాఫైట్. ఆ పేర్పులోంచి ఒంటి రేకును విడదీసి, దాని విద్యుత్ ప్రవర్తనను కొలిచి 2004లో ప్రకటించింది మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలోని ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నోవోసెలోవ్‌ల బృందం. వారిద్దరికీ 2010లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఒక్క రేకు తన మీద పడే దృశ్యకాంతిలో సుమారు 2.3 శాతాన్ని పీల్చుకుంటుందని 2008లో కొలిచారు. ఈ సంఖ్య తరువాత మనకు పనికొస్తుంది.

శుద్ధమైన గ్రాఫీన్‌ను నీటిలో కలపలేం. రేకులు ఒకదాన్నొకటి అంటుకుని ముద్దకడతాయి. నీటి ద్రావణాలతో పనిచేసే ఏ పద్ధతికైనా ఇది పెద్ద అడ్డంకి. దీన్ని దాటడానికి గ్రాఫైట్‌ను ముందు గాఢమైన ఆమ్లాలతో, ఆక్సీకరణ కారకాలతో చర్య జరిపిస్తారు. ఈ చర్యను 1859లోనే బెంజమిన్ బ్రాడీ అనే బ్రిటిష్ రసాయనవేత్త నమోదు చేశాడు. 1958లో హమ్మర్స్, ఆఫ్‌మన్‌లు సల్ఫ్యూరిక్ ఆమ్లం, సోడియం నైట్రేట్, పొటాషియం పర్మాంగనేట్‌లతో చేసే పద్ధతిని వెలువరించారు. ప్రయోగశాలలు నేటికీ ఎక్కువగా దాని సవరించిన రూపాలనే వాడుతున్నాయి. ఇలా వచ్చే పదార్థాన్ని నీటిలో విడదీస్తే గ్రాఫీన్ ఆక్సైడ్ రేకులు లభిస్తాయి. ఒక్కొక్కటి సుమారు 1 నానోమీటరు మందం ఉంటుంది. రేకు ముఖం మీద హైడ్రాక్సిల్, ఎపాక్సైడ్ సమూహాలు, అంచుల్లో కార్బాక్సిలిక్ ఆమ్ల సమూహాలు ఉంటాయి. ఆ ఆమ్ల సమూహాలు నీటిలో ప్రోటాన్లను వదిలేయడంతో రేకు రుణావేశాన్ని పొందుతుంది. రుణావేశం ఉన్న రేకులు ఒకదాన్నొకటి వికర్షించుకుంటాయి కాబట్టి ముద్దకట్టకుండా నీటిలో విడివిడిగా నిలుస్తాయి. అయితే ఇంత ఆక్సిజన్ చేరిన రేకు విద్యుత్తును దాదాపు మోయదు.

ఆ ఆక్సిజన్‌ను రసాయనంతోనో వేడితోనో తొలగిస్తే వచ్చే మూడో పదార్థం క్షయకరణ చెందిన గ్రాఫీన్ ఆక్సైడ్. ఇందులో వాహకత చాలావరకు తిరిగి వస్తుంది గానీ, రేకులో రంధ్రాలు, చెదిరిన గళ్లు, మిగిలిపోయిన ఆక్సిజన్ అలాగే ఉండిపోతాయి. పొరలవారీ కూర్పుతో చేసిన 'గ్రాఫీన్ ఫిల్మ్' అని వార్తల్లో వచ్చేది చాలాసార్లు రెండో పదార్థమో మూడో పదార్థమో అయి ఉంటుంది. మొదటిది అరుదు.

## గ్రాఫీన్ కన్నా పాతదైన పద్ధతి

వ్యతిరేక ఆవేశాలు ఉన్న రెండు పదార్థాలను ఒకదాని తరువాత ఒకటిగా ఉపరితలం మీద పేర్చవచ్చని డ్యూపాంట్ సంస్థలో పనిచేసిన ఐలర్ 1966లో కొల్లాయిడ్ కణాలతో, అంటే ద్రవంలో తేలే అతి చిన్న కణాలతో, చూపించాడు. ఆ ఆలోచన చాలాకాలం పెద్దగా ఎవరి దృష్టికీ రాలేదు. 1990ల మొదట్లో గెరో డెకెర్, ఆయన సహచరులు ఆవేశం ఉన్న పాలిమర్లతో, అంటే పొడవైన గొలుసుల్లాంటి అణువులతో, దీన్ని ఒక క్రమమైన పద్ధతిగా నిలబెట్టారు. 1997లో సైన్స్ పత్రికలో డెకెర్ రాసిన సమీక్ష తరువాత ఇది విస్తృతంగా వ్యాపించింది.

గ్రాఫైట్ ఆక్సైడ్ ఈ పద్ధతిలోకి వచ్చింది 1996లో. కోటోవ్, డెకానీ, ఫెండ్లర్‌లు ధనావేశం ఉన్న పాలిమర్‌ను, గ్రాఫైట్ ఆక్సైడ్ రేకులను మార్చి మార్చి పేర్చి అతి పలుచని ఫిల్మ్ తయారుచేశారు. విద్యుత్తును మోయని ఆ ఫిల్మ్‌ను క్షయకరణంతో మోసేదిగా మార్చవచ్చని చూపించారు. 1999లో కోవ్‌ట్యుఖోవా, మాలౌక్ తదితరులు మైక్రోమీటరు వెడల్పున్న రేకులతో ఇదే పని చేశారు. మాంచెస్టర్ ప్రకటనకు ఎనిమిదేళ్ల ముందే ఇదంతా మొదలైందన్న సంగతి గుర్తుంచుకోదగినది. 2004 తరువాత పద్ధతి కొత్తగా పుట్టలేదు. అప్పటికే ఉన్న పద్ధతి మీదికి అందరి చూపు మళ్లింది.

## గాజు పలక మీద ఒక చక్రం

ప్రయోగం ఎలా సాగుతుందో దగ్గరగా చూద్దాం. శుభ్రంగా కడిగిన గాజు పలకను నీటిలో ఉంచితే దాని ఉపరితలం దానంతటదే రుణావేశాన్ని పొందుతుంది. దాన్ని పీడీడీఏ వంటి ధనావేశ పాలిమర్ ద్రావణంలో కొన్ని నిమిషాలు ముంచుతారు. పాలిమర్ గొలుసులు గాజుకు అతుక్కుంటాయి. అవి గాజు మీది రుణావేశాన్ని సరిసమానం చేసి ఆగిపోవు. కొంత మిగులు ధనావేశాన్ని ఉపరితలం మీద నిలుపుతాయి. ఆ మిగులు వల్లనే తరువాతి పొర పట్టుకుంటుంది. అదే మిగులు వల్ల అదనపు పాలిమర్ వికర్షణకు గురై దూరంగా ఉండిపోతుంది కాబట్టి పొర తన మందాన్ని తానే పరిమితం చేసుకుంటుంది.

తరువాత పలకను నీటిలో కడుగుతారు. ఈ కడుగుడు పైకి చిన్న పనిలా కనిపించినా, వదులుగా ఉన్న గొలుసులు తరువాతి పాత్రలోకి వెళ్లి అక్కడి రేకులతో కలిసి గడ్డకట్టకుండా కాపాడేది అదే. ఆ తరువాత లేత గోధుమ రంగులో ఉండే గ్రాఫీన్ ఆక్సైడ్ ద్రవంలో ముంచుతారు. రుణావేశం ఉన్న రేకులు పాలిమర్ మీద పరుచుకుని ఉపరితలం ఆవేశాన్ని మళ్లీ రుణం చేస్తాయి. మరోసారి కడిగి, నైట్రోజన్ వాయువుతో ఆరబెడతారు. ఇక్కడికి ఒక చక్రం పూర్తి. పాలిమర్, రేకు కలిసిన ఈ జోడీని జంట పొర అంటారు. రెండు గ్రాఫీన్ రేకులు నేరుగా కలిసి ఉండే ద్విపొర గ్రాఫీన్‌కూ దీనికీ సంబంధం లేదు. ఒకటి రెండు చక్రాల తరువాత పలకలో కంటికి కనిపించే మార్పేమీ ఉండదు. చక్రాలు పెరిగే కొద్దీ తెల్ల కాగితం మీద పెట్టి చూస్తే పలుచని గోధుమ ఛాయ తెలుస్తుంది.

చక్రంలో ప్రతి అంశమూ మందాన్ని మారుస్తుంది. ద్రావణం పీహెచ్ పెంచితే రేకుల మీది ఆమ్ల సమూహాలు ఎక్కువగా ప్రోటాన్లను వదిలి రుణావేశాన్ని పెంచుకుంటాయి. అదే పీహెచ్ వద్ద పాలీఇథిలీన్ఇమీన్ వంటి బలహీన క్షార పాలిమర్ తన ధనావేశాన్ని కోల్పోయి, చుట్టలు చుట్టుకుని మందంగా దిగుతుంది. పాలిమర్ ద్రావణంలో ఉప్పు కలిపినా గొలుసులు చుట్టుకుని పొర మందమవుతుంది. రేకులున్న ద్రవంలో ఉప్పు కలిస్తే మాత్రం వాటి మధ్య వికర్షణ తగ్గి ముద్దకట్టే ప్రమాదం ఉంది. అందుకే ఇద్దరు పరిశోధకులు 'పది జంట పొరలు' అని రాసినా, వారి ఫిల్మ్‌ల మందాలు ఎంతో తేడాగా ఉండవచ్చు.

## ఎన్ని పొరలు పడ్డాయో తెలిసేదెలా

పెరుగుదలను కొలవడానికి సులువైన దారి కాంతి శోషణ. గ్రాఫీన్ ఆక్సైడ్ 230 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర అతినీలలోహిత కాంతిని బలంగా పీల్చుకుంటుంది. చక్రం చక్రానికీ శోషణ సమానంగా పెరుగుతుంటే ప్రతిసారీ సమానమైన పదార్థం చేరుతోందని అర్థం. ఎంత చేరుతోందో తెలియాలంటే బరువు కావాలి. దానికి కంపించే క్వార్ట్జ్ స్ఫటికాన్ని వాడతారు. స్ఫటికం మీద బరువు చేరే కొద్దీ దాని కంపన పౌనఃపున్యం తగ్గుతుంది. 5 మెగాహెర్ట్జ్ స్ఫటికంలో 1 హెర్ట్జ్ తగ్గుదల అంటే చదరపు సెంటీమీటరుకు 17.7 నానోగ్రాములు చేరాయని లెక్క.

ఒక గ్రాఫీన్ ఆక్సైడ్ ముంపు తరువాత పౌనఃపున్యం 10 హెర్ట్జ్ తగ్గిందనుకుందాం. అంటే చదరపు సెంటీమీటరుకు 177 నానోగ్రాములు చేరాయి. శుద్ధ గ్రాఫీన్ ఒంటి రేకు బరువు చదరపు సెంటీమీటరుకు సుమారు 76 నానోగ్రాములు. ప్రతి రెండు కర్బన పరమాణువులకు ఒక ఆక్సిజన్ ఉందని తీసుకుంటే ఆక్సైడ్ రేకు బరువు సుమారు 127 నానోగ్రాములవుతుంది. 177ను 127తో భాగిస్తే దాదాపు 1.4 వస్తుంది. ఒక్క పొర పడిందని మనం రాసుకున్న చోట సగటున 1.4 రేకుల బరువు ఉంది.

ఆ 0.4 ఎక్కడిది? కొన్నిచోట్ల రేకులు ఒకదాని మీద ఒకటి పడి ఉండవచ్చు, కొన్ని మడతలు పడి ఉండవచ్చు, కొంత బరువు రేకుల కింద చిక్కిన నీటిది కావచ్చు. మైక్రోమీటర్ల వెడల్పు, నానోమీటరు మందం ఉన్న రేకులు నేల మీద పలకలు పరిచినట్టు అంచుకు అంచు కలిపి కూర్చోవు. కొన్నిచోట్ల ఖాళీలు వదులుతాయి, వాటిని తరువాతి చక్రాలు పూడుస్తాయి. పటాల్లో నీలం గీత, ఎర్ర గీత మార్చి మార్చి కనిపించే శుభ్రమైన నిర్మాణం ఒక సగటు మాత్రమే.

## ఎందుకు అతుక్కుంటాయి: రెండు వివరణలు

ధనం రుణాన్ని ఆకర్షిస్తుందన్నది అందరికీ తెలిసిన వివరణ. అది తప్పు కాదు, కానీ చాలదు. నీటిలో ఆవేశం ఉన్న ప్రతి గొలుసు చుట్టూ, ప్రతి రేకు చుట్టూ వ్యతిరేక ఆవేశం గల చిన్న అయాన్లు ముందే గుమిగూడి ఉంటాయి. పాలిమర్, రేకు ఒకదాన్నొకటి పట్టుకున్నప్పుడు ఆ చిన్న అయాన్లు, వాటితో పాటు కట్టుబడి ఉన్న నీటి అణువులు విడుదలై స్వేచ్ఛగా తిరుగుతాయి. వ్యవస్థ మొత్తం ఎంట్రపీ, అంటే చెదురుదనం, పెరుగుతుంది. చాలామంది రసాయనవేత్తల దృష్టిలో ఈ పెరుగుదలే అసలైన చోదకశక్తి. గ్రాఫీన్ విషయంలో వీటికి తోడు హైడ్రోజన్ బంధాలు, కర్బన వలయాల మధ్య ఆకర్షణ కూడా పనిచేస్తాయి. అందువల్లనే ఆవేశమే లేని పాలిమర్‌తో కూడా కొన్నిసార్లు పొరలు నిలుస్తాయి. పైకి సిద్ధాంత చర్చలా కనిపించినా, ఉప్పు నీటిలో ఫిల్మ్ నిలుస్తుందా లేదా అన్న ప్రశ్న దీనితోనే ముడిపడి ఉంది. అయాన్లు విడుదల కావడం వల్ల కుదిరిన బంధాలు, చుట్టూ అయాన్లు ఎక్కువైతే సడలుతాయి.

## గోధుమ రంగు నుంచి నలుపుకు

విద్యుత్తు అవసరమైన చోట ఫిల్మ్‌ను క్షయకరణం చేయాలి. హైడ్రజీన్ ఆవిరి పాత దారి, కానీ అది విషపూరితం. ఆస్కార్బిక్ ఆమ్లం, హైడ్రోఅయోడిక్ ఆమ్లం ప్రత్యామ్నాయాలుగా వచ్చాయి. జడ వాయువులో తీవ్రంగా వేడి చేయడం మరో మార్గం, అయితే అడుగున ప్లాస్టిక్ ఉంటే అది కుదరదు. పని జరిగిందనడానికి రంగే తొలి సాక్ష్యం. గోధుమ ఛాయ పోయి ఫిల్మ్ బూడిద నలుపుకు మారుతుంది, 230 నానోమీటర్ల దగ్గరి శోషణ శిఖరం 270 వైపు జరుగుతుంది. వేడితో చేసినప్పుడు ఆక్సిజన్ ఒంటరిగా పోదు, కార్బన్ మోనాక్సైడ్, డయాక్సైడ్‌ల రూపంలో కొంత కర్బనాన్ని కూడా వెంట తీసుకుపోతుంది. రేకులో రంధ్రాలు మిగలడానికి అదొక కారణం.

రేకులు ఎంత బాగా కోలుకున్నా వాటి మధ్య విద్యుత్తును మోయని పాలిమర్ ఉండనే ఉంది. ఎలక్ట్రాన్లు ఒక రేకు నుంచి మరో రేకుకు ఆ సందును దాటుకుని పోవాలి. ఈ చిక్కును గుర్తించిన కొందరు పాలిమర్‌నే తీసేశారు. గ్రాఫీన్ ఆక్సైడ్‌లో ఒక భాగానికి అమీన్ సమూహాలు తగిలించి ధనావేశం కల్పించి, రుణావేశం ఉన్న మామూలు రేకులతో మార్చి మార్చి పేర్చారు. నా దృష్టిలో ఈ రంగంలోని అందమైన ఆలోచనల్లో ఇదొకటి. రెండు పొరలూ గ్రాఫీన్ జాతివే కాబట్టి సందులో అడ్డంకి బాగా తగ్గిపోతుంది.

## తొట్టెలు లేని మరో దారి

'పొర మీద పొర' అన్న మాటే పూర్తిగా వేరైన ఇంకో పనికి కూడా వాడతారు. రాగి రేకు మీద వేడిలో మీథేన్ వాయువును విడగొట్టి ఒంటి పొర గ్రాఫీన్‌ను పెంచుతారు, రాగిని కరిగించి ఆ పొరను కావలసిన చోటికి బదిలీ చేస్తారు, దాని మీద మరొకటి, ఆపై ఇంకొకటి. ఇక్కడ పాలిమర్ జిగురు లేదు, ఆవేశాల ఆట లేదు, రేకు అసలైన గ్రాఫీనే.

2010లో దక్షిణ కొరియా పరిశోధకులు 30 అంగుళాల ఫిల్మ్‌ను ఇలా తయారుచేశారు. ఒంటి పొరకు 97.4 శాతం కాంతి పారదర్శకత, చదరానికి సుమారు 125 ఓంల షీట్ రెసిస్టెన్స్ నమోదయ్యాయి. షీట్ రెసిస్టెన్స్ అంటే ఫిల్మ్‌లోంచి ఏ కొలతలో చదరం కత్తిరించినా దాని ఎదురెదురు అంచుల మధ్య ఉండే నిరోధం. నాలుగు పొరలు పేర్చితే ఏమవ్వాలో లెక్క వేద్దాం. ముందు చెప్పిన 2.3 శాతం శోషణ ప్రకారం ఒక్కో పొర 97.7 శాతం కాంతిని వదిలితే, 0.977ను నాలుగుసార్లు గుణిస్తే 0.911 వస్తుంది. నాలుగు నిరోధాలు సమాంతరంగా ఉంటే 125ను 4తో భాగించగా సుమారు 31 ఓంలు. వారు కొలిచినవి సుమారు 90 శాతం పారదర్శకత, 30 ఓంలు. లెక్కకూ కొలతకూ ఉన్న ఈ పొందిక ఆకర్షణీయమే గానీ, నాలుగు పొరల ఫిల్మ్‌లో ఆవేశవాహకాలను పెంచేందుకు రసాయన చికిత్స కూడా చేశారు కాబట్టి, పొరలు కేవలం సమాంతర నిరోధాల్లా ప్రవర్తించాయనడానికి దీన్ని రుజువుగా తీసుకోకూడదు. బదిలీలో పడే చీలికలు, ముడతలు, మిగిలే మలినాలు ఈ దారికి ప్రధాన ఇబ్బందులు.

ఈ దారిలో కూడా సందే రాజ్యమేలుతుంది. 2018లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పాబ్లో హరీయో హెరెరో బృందం రెండు గ్రాఫీన్ రేకులను 1.1 డిగ్రీల మెలికతో పేర్చినప్పుడు, సుమారు 1.7 కెల్విన్ల దగ్గర అవి అతివాహకంగా, అంటే నిరోధమే లేకుండా విద్యుత్తును మోసేవిగా, మారాయని ప్రకటించింది. పదార్థం మారలేదు, పేర్పు కోణం మారింది.

## వాయువులను ఆపే గోడ

గ్రాఫీన్ ఆక్సైడ్ పొరలవారీ ఫిల్మ్‌లు స్పష్టంగా రాణించిన చోటు వాయు అవరోధాలు. టెక్సస్ ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయంలో జైమీ గ్రున్లన్ బృందం 2013లో పాలీఇథిలీన్ఇమీన్, గ్రాఫీన్ ఆక్సైడ్‌ల జంట పొరలతో ఆక్సిజన్‌ను గట్టిగా ఆపే ఫిల్మ్‌లను చూపించింది. నిర్మాణాన్ని ఇటుకలు, సున్నం కలిసిన గోడలా ఊహించుకోవచ్చు. వాయువు ఇటుకల్లోంచి పోలేదు, సున్నంలోంచి మెలికలు తిరుగుతూ పోవాలి.

ఆ మెలికల ప్రభావాన్ని నీల్సన్ సూత్రం లెక్కగడుతుంది. 1లోంచి రేకుల ఘనపరిమాణ వాటాను తీసివేసి, ఆ వచ్చినదాన్ని ఇంకో సంఖ్యతో భాగించాలి. ఆ సంఖ్య, రేకు వెడల్పు మందాల నిష్పత్తిని వాటాతో గుణించి సగం చేసి 1 కలిపితే వస్తుంది. రేకు 1 మైక్రోమీటరు వెడల్పు, 1 నానోమీటరు మందం ఉంటే నిష్పత్తి 1000. పాలిమర్‌లో 2 శాతం రేకులు ఉంటే 0.98ని 11తో భాగించాలి, వాయువు చొరబాటు సుమారు 11 రెట్లు తగ్గుతుంది. 20 శాతం ఉంటే 0.8ని 101తో భాగించాలి, తగ్గుదల 126 రెట్లు. కరిగిన పాలిమర్‌లో రేకులను కలిపే మామూలు పద్ధతిలో అంత వాటాలో ముద్దకట్టకుండా, అన్నీ ఒకే దిశలో పడుకునేలా చేయడం చాలా కష్టం. పొరలవారీ కూర్పులో ప్రతి రేకూ ఉపరితలానికి సమాంతరంగానే దిగుతుంది. పద్ధతి బలం అక్కడ ఉంది. బలహీనత తేమ. గాలిలో తేమ పెరిగితే పాలిమర్ నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, సందు విప్పారుతుంది, అవరోధం సడలుతుంది.

## నీటిని వడగట్టే పొర: అసలు వాదం ఇక్కడ

2012లో మాంచెస్టర్ బృందం ఒక విచిత్రమైన ఫలితాన్ని ప్రకటించింది. మైక్రోమీటరు కన్నా పలుచని గ్రాఫీన్ ఆక్సైడ్ పొర హీలియంను కూడా ఆపుతుంది, కానీ నీటి ఆవిరి మాత్రం అడ్డేమీ లేనట్టు దాటిపోతుంది. అప్పటి నుంచి ఉప్పు నీటిని మంచినీరుగా మార్చే పొరల మీద ఆశలు పెరిగాయి.

ఆశ ఎక్కడ చిక్కుకుందో కొలతలు చెబుతాయి. పొడిగా ఉన్నప్పుడు గ్రాఫీన్ ఆక్సైడ్ రేకుల మధ్య ఎడం సుమారు 0.8 నానోమీటర్లు. నీటిలో మునిగితే అది 1.3 నానోమీటర్ల వరకు పెరుగుతుంది. కర్బన రేకు సొంత మందంగా 0.34 తీసివేస్తే ఖాళీ సందు దాదాపు 0.9 నుంచి 1 నానోమీటరు. నీటి అణువులను చుట్టూ కట్టుకున్న సోడియం అయాన్ వ్యాసార్ధం 0.36, అంటే వ్యాసం 0.72 నానోమీటర్లు. కాబట్టి సోడియం హాయిగా దాటిపోతుంది. 2014లో వచ్చిన కొలతలు కూడా 0.45 నానోమీటర్ల కన్నా పెద్ద వ్యాసార్ధం గలవే ఆగుతాయని తేల్చాయి. ఉప్పును ఆపాలంటే రేకులు నీటిలో కూడా ఉబ్బకుండా పట్టి ఉంచాలి. 2017లో మాంచెస్టర్ పరిశోధకులు పొరను ఎపాక్సీలో బిగించి, ఎడాన్ని 0.64 నుంచి 0.98 నానోమీటర్ల మధ్య నియంత్రించి, సోడియం క్లోరైడ్‌ను 97 శాతం వరకు ఆపగలిగారు.

పొరలవారీ కూర్పు ఈ సమస్యకు వేరే జవాబు ఇస్తుంది. ప్రతి రెండు రేకుల మధ్యా ఒక బంధకాన్ని మనమే పెడతాం. 2013లో మెంగ్ హు, బావోషియా మి ట్రైమెసోయిల్ క్లోరైడ్ అనే అణువుతో రేకులను రసాయనికంగా కుట్టి పొరలు పేర్చారు. నీటి ప్రవాహం అప్పటి వాణిజ్య నానోవడపోత పొరల కన్నా చాలా రెట్లు ఎక్కువగా వచ్చింది. పెద్ద రంగు అణువు రోడమీన్‌ను 93 నుంచి 95 శాతం వరకు ఆపింది. లవణాలను మాత్రం 6 నుంచి 46 శాతమే ఆపింది. మరుసటి సంవత్సరం వారే ధనావేశ పాలిమర్‌తో, అంటే ఆవేశాల ఆకర్షణతో, చేసిన పొర తక్కువ లవణం ఉన్న నీటిలో సుక్రోజ్‌ను దాదాపు 99 శాతం ఆపింది, లవణం ఎక్కువైన నీటిలో ఉబ్బింది. కుట్టుకు, ఆకర్షణకు మధ్య తేడా ఈ రెండు ఫలితాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. ఉప్పు నీటి కోసం చేసే పొరలో ఉప్పుకే సడలే బంధాన్ని నమ్ముకోవడం కష్టం.

నీరు అంత వేగంగా ఎలా పోతోందన్నదాని మీద కూడా ఏకాభిప్రాయం లేదు. రేకు మీద ఆక్సిజన్ లేని నున్నటి ప్రాంతాలు దారులుగా కలిసి, నీరు దాదాపు రాపిడి లేకుండా జారుతుందన్నది మొదటి వాదం. 2014లో వచ్చిన ఒక కంప్యూటర్ అనుకరణ అధ్యయనం దీన్ని ప్రశ్నించింది. పక్కనున్న ఆక్సిజన్ సమూహాలు నీటిని పట్టి లాగడంతో ఆ జారుడు నిలిచిపోతుందని, విశాలమైన సందులు, ముడతలు, రంధ్రాలు, అంచులే వేగానికి కారణమని వాదించింది. రెండు వైపులా ఆధారాలున్నాయి. అసలు ఫిల్మ్‌లలో రెండు దారులూ కలిసే ఉండవచ్చు.

పొర నీటిలో విడిపోకుండా ఎలా నిలుస్తుందన్న ప్రశ్నకు 2015లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలోని జియాషింగ్ హువాంగ్ బృందం ఊహించని జవాబు ఇచ్చింది. నీటిలో రుణావేశ రేకులు వికర్షించుకుని విడిపోవాలి, కానీ చాలామంది చేసిన పొరలు విడిపోవడం లేదు. అల్యూమినా వడపోత బిళ్ల మీద చేసిన పొర నిలిచింది, టెఫ్లాన్ బిళ్ల మీద చేసినది నీటిలో చెదిరిపోయింది. ఆమ్లగుణం ఉన్న గ్రాఫీన్ ఆక్సైడ్ ద్రవం అల్యూమినాను కొద్దిగా తినేసి అల్యూమినియం అయాన్లను విడుదల చేస్తోంది. మూడు ధనావేశాలున్న ఆ అయాన్లు రేకులను కట్టిపడేస్తున్నాయి. ఎవరూ కావాలని చేర్చని బంధకం సందులోకి చేరి పొర బలాన్ని మార్చేసింది. అంతకు ముందు అదే బిళ్ల మీద చేసి కొలిచిన దృఢత్వాలను మళ్లీ ఆలోచించుకోవాల్సి వచ్చింది.

## విద్యుత్తును నిల్వచేసే ఎలక్ట్రోడ్లు

విద్యుత్తును వేగంగా నిల్వచేసి వదిలే సాధనమైన సూపర్‌కెపాసిటర్‌లో ఆవేశం ఎలక్ట్రోడు ఉపరితలం మీద నిలుస్తుంది. గ్రాము గ్రాఫీన్ రెండు ముఖాల ఉపరితలం సిద్ధాంతరీత్యా 2630 చదరపు మీటర్లు. చదరపు సెంటీమీటరుకు 21 మైక్రోఫారడ్‌లు నిలుస్తాయని తీసుకుంటే గ్రాముకు సుమారు 550 ఫారడ్‌లు రావాలి. 2010లో యు, దాయ్‌లు పాలీఇథిలీన్ఇమీన్ చేర్చిన గ్రాఫీన్ రేకులను, రుణావేశం కల్పించిన కర్బన నానోగొట్టాలను పొరలవారీగా పేర్చి సగటున గ్రాముకు 120 ఫారడ్‌లు సాధించారు. రేకులు తిరిగి అతుక్కుంటే ద్రవంలోని అయాన్లకు దారి మూసుకుపోతుంది కాబట్టి, గొట్టాలను మధ్యలో ఎడం నిలిపే స్తంభాలుగా వాడారు. నీటిలో, గది ఉష్ణోగ్రతలో జరిగే పని కాబట్టి ఎంజైములను కూడా పొరల్లో చేర్చవచ్చు. గ్లూకోజ్ సెన్సర్ల వంటివి ఆ కోవలోవే.

## తొట్టెలోంచి కర్మాగారానికి

ఒక్కో ముంపుకు పది నిమిషాల చొప్పున జంట పొరకు ఇరవై నిమిషాలు తీసుకుంటే, 50 జంట పొరలకు కడుగుడు కాకుండానే 16 గంటల 40 నిమిషాలు పడుతుంది. ఈ లెక్కను చూపించి పద్ధతి కర్మాగారాలకు పనికిరాదని అనేవారున్నారు. కత్తి అంచుతో పరిచే పూతల్లో రేకులు ఒకే దిశలో పడుకునేలా నిమిషాల్లో చేయవచ్చన్నది వారి వాదన. పొరలవారీ పద్ధతిని సమర్థించేవారు పిచికారీని చూపిస్తారు. ద్రావణాలను మార్చి మార్చి చల్లితే ఒక్కో దశ సెకన్లలో ముగుస్తుంది. వంకరగా ఉన్న ఉపరితలం మీద, నురుగు రంధ్రాల లోపల, దారపు పోగుల మీద సమానమైన పూత రావాలంటే ఇతర పద్ధతులు దీనికి సాటిరావడం కష్టం. సమతల ప్లాస్టిక్ మీద మందపాటి పూత కావాలంటే మొదటివారి మాటే బలమైనదని, సంక్లిష్ట ఆకారాల మీద కొన్ని పదుల నానోమీటర్లలో నియంత్రణ కావాలంటే రెండోవారి మాట నిలుస్తుందని నాకు అనిపిస్తుంది.

ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న అడ్డంకి ముడిసరుకు. ఒక్క పొర గ్రాఫీన్, రెండు పొరల గ్రాఫీన్, 3 నుంచి 10 వరకు ఉంటే కొద్దిపొరల గ్రాఫీన్ అని 2017లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ నిర్వచనాలు ఇచ్చింది. మరుసటి సంవత్సరం సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో కాస్ట్రో నేటో బృందం వివిధ దేశాల్లోని 60 కంపెనీల నమూనాలను పరీక్షించగా, చాలా వాటిలో అసలైన గ్రాఫీన్ 10 శాతానికి లోపే ఉంది, దేనిలోనూ 50 శాతం దాటలేదు. గ్రాఫీన్ ఆక్సైడ్ కూడా తయారీ తయారీకీ రేకు వెడల్పులో, ఆక్సిజన్ శాతంలో, మిగిలిన లోహ అయాన్ల పరిమాణంలో మారుతుంది. వెడల్పు సగమైతే నీల్సన్ లెక్కలో నిష్పత్తి సగమవుతుంది, ఆక్సిజన్ తగ్గితే ఆవేశం తగ్గి పొర బరువు మారుతుంది, లోహ అయాన్లు మిగిలితే అవే బంధకాలవుతాయి. అందుకే ఒకే పీహెచ్, ఒకే సమయం, అన్నే చక్రాలు పాటించిన రెండు ప్రయోగశాలల ఫిల్మ్‌లను పోల్చాలంటే, ముంచిన రేకుల వెడల్పు, ఆక్సిజన్ వాటా, అయాన్ల మలినం ఎంతో కూడా పక్కనే రాసి ఉండాలి.